చిన్న సినిమాల నటి చేసిన సినిమాల జాబితా తయారుచేయడం ఎలా?

1970ల ఫైటింగ్ సినిమాల హీరోయిన్లకు, క్లబ్ పాటల నటీమణులకు చాలామందికి సరైన జాబితా లేదు. ఉన్నవి ఒకదాన్ని చూసి ఒకటి ఎక్కించినవి. నెల్లూరు, ఒంగోలు పక్క ఆ సినిమాలు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టి ఇప్పుడే చేయాల్సిన పని ఇది.

విజయలలిత మీద చేస్తుంటే 1970 నాటి ‘రౌడీ రాణి’తో మొదలుపెట్టండి. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్ మన వెంకటగిరి మనిషే. నోటుపుస్తకంలో సినిమా, భాష, టైటిల్స్‌లో పేరు పడిన తీరు, పాత్ర, దర్శకుడు, తేదీ, ఆధారం అని ఏడు గడులు గీయండి. ఆధారం దొరకని వరుస పెన్సిల్‌తోనే ఉండాలి. ఒకే పేరుతో ఇద్దరు నటీమణులు కలిసిపోయేది ఇక్కడే.

టైటిల్స్‌లో పేరు లేకపోయినా సినిమాలో ఉండొచ్చు. ఒక్క పాటకు వచ్చినవాళ్ల పేరు చాలాసార్లు వేయరు. పాటలన్నీ చూసి, కనిపించిన నిమిషం రాసుకోండి.

అసలు చిక్కు కోతపడిన ప్రింట్లతో. మొదట్లో వచ్చే సెన్సార్ సర్టిఫికెట్ దగ్గర ఆపి పొడవు చూడండి. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 27.4 మీటర్లు నడుస్తుంది. అడుగుల్లో ఉంటే 90. అంటే 4,000 మీటర్ల సినిమా 146 నిమిషాలు. వీడియో క్యాసెట్ నుంచి ఎక్కించిన కాపీ సెకనుకు 24 బదులు 25 ఫ్రేములతో నడిచి 140కి దిగుతుంది, అది కోత కాదు. మీ కాపీ 120 నిమిషాలే ఉంటే మాత్రం ఆమె పాటో ఫైటో పోయి ఉండొచ్చు. వేరే కాపీ చూడకుండా ‘చిన్న పాత్ర’ అని రాస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే.

సర్టిఫికెట్ తేదీ విడుదల తేదీ కాదు. ప్రింటు పెట్టె మన ఊరికి ఆలస్యంగా వచ్చేది కాబట్టి ఇక్కడి హాల్లో ఆడిన తేదీ కూడా కాదు. పాత పత్రికల ప్రకటనలకు వేటపాలెం సారస్వత నికేతనం (1918) వెళ్లండి. ‘త్వరలో’ అన్న ప్రకటనను నమ్మకండి, ‘నేడే విడుదల’ కావాలి.

డబ్బింగ్ సినిమాకు కొత్త వరుస వద్దు, అసలు సినిమా పక్కనే రాయండి. రీమేక్‌కు మాత్రం కావాలి: ‘రౌడీ రాణి’ని 1972లో దాసే విజయలలితతోనే హిందీలో ‘రాణీ మేరా నామ్’గా తీశారు.

ఆ నటి ఇంటివాళ్లను కలవడం చివర్లో పెట్టుకోండి. జాబితా చేతికిచ్చి తప్పులు దిద్దమనండి. ఫోటోలు అక్కడే 300 డి.పి.ఐ.లో స్కాన్ చేసి వెంటనే తిరిగివ్వండి.