హెల్మెట్ పెట్టుకుంటే తలనొప్పి వస్తోందా? సైజు మార్చే ముందు ఇవి చూడండి

“అన్నా, టైట్‌గా ఉంది, ఒక సైజు పెద్దది ఇవ్వు.” హెల్మెట్ల కౌంటర్ వెనక నిలబడితే రోజూ వినపడే మాట ఇది. తల కొలిచారా అని అడిగితే పదిమందిలో తొమ్మిది మంది కొలవలేదనే అంటారు. షర్టు కొనేటప్పుడు కాలర్ నంబరు చెప్పగలిగే మనిషికి కూడా తన తల కొలత తెలియదు.

కాబట్టి ముందు టైలర్ టేపు తీయండి. కనుబొమ్మలకు ఒక వేలెడు పైన, చెవుల మీదుగా, వెనక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు కలిసేలా చుట్టి కొలవండి. రెండు మూడుసార్లు కొలిచి ఎక్కువ వచ్చిన అంకె తీసుకోండి. హెల్మెట్ స్టిక్కర్ మీద 560, 580, 600 అని మిల్లీమీటర్లలో ఉంటుంది. మీడియం, లార్జ్ అనే మాటలు నమ్మకండి. ఒక కంపెనీ 580ని మీడియం అంటుంది, ఇంకో కంపెనీ అదే 580ని లార్జ్ అంటుంది.

తర్వాత అద్దంలో చూసుకోండి. నుదురంతా బయటికి కనిపించేలా హెల్మెట్‌ను వెనక్కి వాల్చి పెట్టుకునేవాళ్లు చాలామంది. ముందు అంచు కనుబొమ్మలకు ఒకటి రెండు వేళ్ల పైన ఉండాలి. వెనక్కి వాలితే సరైన సైజు కూడా ఎక్కడో ఒకచోట గుచ్చుతుంది. ఆడవాళ్లయితే క్లచ్చర్ తీసి, ముడి విప్పి, జడ కిందికి వదిలి చూడండి. “వెనక నొప్పి” అని వచ్చే కేసుల్లో చాలా వరకు క్లచ్చర్ దగ్గరే తేలిపోతాయి.

బుగ్గలు నొక్కేస్తోంది

కొత్త ఫుల్‌ఫేస్ హెల్మెట్ బుగ్గలను నొక్కాలి. చీక్ ప్యాడ్ల స్పాంజి కొన్ని వారాల వాడకంలో సర్దుకుంటుంది. మాట్లాడుతుంటే లోపల బుగ్గ పళ్ల కింద పడుతోందంటే మాత్రం ప్యాడ్లు మందం ఎక్కువ. అదే మోడల్‌కు పలచటివి దొరుకుతాయేమో అడగండి. తల పైభాగంలో సరిపోయినప్పుడు బుగ్గల కోసం సైజు పెంచకండి.

మొదట బాగానే ఉంటుంది, అరగంటకు నుదుటి మధ్యలో నొప్పి

అసలు తిప్పలు పెట్టేది ఇదే. కొలత సరిగ్గా ఉంటుంది, షాపులో పెట్టి చూస్తే హాయిగా ఉంటుంది. అరగంట బండి నడిపేసరికి నుదుటి మధ్యలో ఎవరో వేలితో పొడుస్తున్నట్టు ఉంటుంది. దిగి హెల్మెట్ తీయగానే ప్రాణం లేచొస్తుంది. మర్నాడు వచ్చి పెద్ద సైజు అడుగుతారు. తీసుకెళ్తారు, నొప్పి పోతుంది, అందరం సంతోషం. నాలుగు నెలలకు “వదులైపోయింది, క్వాలిటీ లేదు” అని మళ్లీ వస్తారు.

తప్పు సైజుది కాదు, ఆకారానిది. టేపు చుట్టుకొలత చెబుతుంది కానీ తల గుండ్రంగా ఉందో కోలగా ఉందో చెప్పదు. ఇద్దరికీ 580 వస్తుంది. ఒకరి తల ముందు నుంచి వెనక్కి పొడవు, ఇంకొకరిది చెవి నుంచి చెవికి వెడల్పు. కోల తల గుండ్రటి హెల్మెట్‌లో దూరితే నుదురు, వెనక తల గట్టిగా ఆనుతాయి, పక్కల ఖాళీ మిగులుతుంది. పైనున్న మెత్త కొద్దిసేపు దాన్ని దాస్తుంది. అది పూర్తిగా అణిగాక వెనకున్న గట్టి థర్మాకోల్ నేరుగా ఎముకకు తగులుతుంది. షాపులో రెండు నిమిషాలు పెట్టి చూస్తే తెలియకపోవడానికి కారణం అదే.

పెద్ద సైజు తీసుకుంటే ముందు ఒత్తిడి తగ్గుతుంది కానీ, పక్కల ఖాళీ ఇంకా పెరుగుతుంది. మెత్త అణిగే కొద్దీ హెల్మెట్ తల మీద తిరగడం మొదలవుతుంది. పడినప్పుడు ఊడి దొర్లేవి ఇలాంటివే.

ఈ తేడా పట్టుకోవడం తేలిక. కొన్న రోజే, స్టిక్కర్లు పీకకుండా, ఇంట్లో టీవీ ముందు అరగంట పెట్టుకుని కూర్చోండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనీయండి. తీయగానే అద్దంలో నుదురు చూడండి. పట్టీలా అంతటా లేత ఎరుపు ఉంటే హెల్మెట్ మంచిదే. మధ్యలో రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ ఉండి, పెట్టుకున్నప్పుడు కణతల పక్కన వేలు దూరిందంటే మీది కోల తల, హెల్మెట్ గుండ్రం. కణతలు రెండూ ఎర్రబడి, ముందూ వెనకా ఖాళీ ఉంటే దీనికి తిరగేసిన కేసు. అనుమానం తీరకపోతే జుట్టు తడిపి అణచి, తల ఆకారం తెలిసేలా పైనుంచి ఎవరిచేతైనా ఫోన్‌లో ఫొటో తీయించుకోండి.

పరిష్కారం: అంకె మార్చకుండా మోడల్ మార్చండి. ఒకే కంపెనీలో కూడా మోడల్‌ను బట్టి లోపలి అచ్చు మారుతుంది. డబ్బా మీద ఆకారం రాసి ఉండదు కనుక ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ ఉందో లేదో చూసుకోండి. వెతకడం మాత్రం ఐఎస్ 4151 (టూవీలర్ హెల్మెట్ల ప్రమాణం నంబరు) ఐఎస్‌ఐ మార్కు ఉన్నవాటిలోనే. 2021 జూన్ 1 నుంచి ఆ మార్కు లేని టూవీలర్ హెల్మెట్ అమ్మకూడదు. రోడ్డు పక్కన కొన్నది దూదిలా హాయిగా ఉందంటే లోపల చేయి పెట్టి చూడండి, థర్మాకోల్ ఉండాల్సిన చోట స్పాంజి ముక్క మాత్రమే ఉండొచ్చు.

చెంచా వెనకవైపుతో థర్మాకోల్‌ను నొక్కి గుంట చేసుకోమనే చిట్కా ఒకటి తిరుగుతోంది. దయచేసి చేయకండి, బ్లేడుతో గీకడమూ వద్దు. దెబ్బ తగిలినప్పుడు నలిగి ఆ దెబ్బను మింగడమే థర్మాకోల్ పని. ముందే నలిపేస్తే సరిగ్గా నుదుటి దగ్గర అది పనికిరాదు.

కణతలు నొప్పి

కళ్లజోడు తీసి చూడండి. నొప్పి పోతే హెల్మెట్‌ది తప్పు లేదు. హెల్మెట్ పెట్టుకున్నాకే కళ్లజోడు దూర్చండి, సన్నగా తిన్నగా ఉన్న కాడలవి వాడండి. పోకపోతే పైన చెప్పిన ఆకారం గొడవే.

వదులుగా ఉంది, కళ్ల మీదికి జారుతోంది

స్ట్రాప్ బిగించి, గడ్డం కింద రెండు వేళ్లు మాత్రమే పట్టేలా ఉంచి తల అటూ ఇటూ తిప్పండి. నుదుటి చర్మం హెల్మెట్‌తో పాటు కదలాలి. తర్వాత వెనక అంచు పట్టుకుని ముందుకు దొర్లించండి. ఊడొస్తే అది మీ సైజు కాదు. పైభాగం బిగువుగా ఉండి బుగ్గల దగ్గరే వదులైతే మందం చీక్ ప్యాడ్లు చాలు. లోపల కర్చీఫ్ కుక్కడం మాత్రం కుదరదు.

ఉతికాక గుచ్చుతోంది

మెత్త తిరిగి పెట్టేటప్పుడు ఒక ప్రెస్ బటన్ పడలేదు, లేదా కుడి ఎడమ ప్యాడ్లు మారాయి. తీసి మళ్లీ పెట్టండి. దురద ఒక్కటే అయితే కొబ్బరినూనె, చెమట కలిసిన మురికి. గోరువెచ్చటి నీళ్లలో షాంపూతో ఉతికి నీడలో ఆరబెట్టండి.

చెవి మడత పడితే స్ట్రాప్‌లు రెండూ పక్కలకు లాగి పట్టుకుని పెట్టుకోండి. కొత్త హెల్మెట్ వాసన నాలుగు రోజుల్లో పోతుంది. మెడ నొప్పి అంటే, హెల్మెట్ ముందుండే గ్లాసు పైకెత్తి స్పీడుగా వెళ్లడం మానేసి చూడండి, గాలి దాన్ని పట్టుకుని హెల్మెట్‌ను వెనక్కి గుంజుతుంది.