అడవి మీదుగా గూడేనికి రోడ్డు: గ్రామసభ గీత నడిచాకే తీర్మానం రాయాలి

డోలీ కట్టే గూడేలకు రోడ్డు రాలేదంటే నిధుల్లేకే అనుకుంటారు. మంజూరైన రోడ్లు కూడా అటవీ అనుమతి దగ్గర ఆగిపోతుంటాయి. ఫైలు తెరిచి చూస్తే నాలుగు వాక్యాల తీర్మానం, కింద వేలిముద్రలు. ఏ భూమి, ఎంత భూమి, ఎన్ని చెట్లు అని అటవీ రేంజర్ అడిగితే జవాబు చెప్పేవాళ్లుండరు. అందుకే రోడ్డు పోయే గీతను ముందు నేల మీద నడిచి కొలవాలి.

అటవీ హక్కుల చట్టం, 2006 సెక్షన్ 3(2) చిన్న రోడ్లకు దగ్గరి దారి చూపించింది. బడి, అంగన్‌వాడీ, తాగునీటి పైపులు లాంటి పదమూడు రకాల పనుల్లో రోడ్డు కూడా ఉంది. షరతులు మూడే. అటవీ భూమి హెక్టారు లోపు ఉండాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫార్సు చేయాలి. ఇవి కుదిరితే అటవీ డివిజన్ అధికారి (డీఎఫ్ఓ) స్థాయిలోనే అనుమతి వస్తుంది. కుదరకపోతే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద పెద్ద దారి పట్టాల్సిందే. అభయారణ్యమైతే 1972 వన్యప్రాణి చట్టం సంగతి కూడా విడిగా చూసుకోవాలి.

ముందు సరంజామా

30 మీటర్ల స్టీలు టేపు, తాపీమేస్త్రీలు వాడే పారదర్శక నీళ్ల పైపు 20 మీటర్లు, గుర్తులు పెట్టిన రెండు కర్రలు, సున్నం, జీపీఎస్ ఉన్న ఫోను, నోటుపుస్తకం. గుడ్డ టేపు తడిస్తే కొలత మారుతుంది, వద్దు. గుర్తులకు రిబ్బన్లు కట్టొద్దు, పశువులు నమిలేస్తాయి. సున్నమే మేలు.

ఎవరెవరు రావాలి

పని చేయించే శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), అటవీ బీట్ ఆఫీసరు, అటవీ హక్కుల కమిటీ సభ్యులు, గూడెంలో ఇద్దరు ముగ్గురు పెద్దలు, కట్టెలకూ నీళ్లకూ ఆ అడవిలో రోజూ తిరిగే ఆడవాళ్లు. ఏ చెట్టు ఎవరు ఏరుకుంటారో, ఏ ఊట ఎండల్లో కూడా పారుతుందో చెప్పేది వాళ్లే. రోడ్డు పక్క గూడెం పొలిమేరలోకి వెళ్తుంటే ఆ గూడెం వాళ్లనూ పిలవండి. వాళ్ల గ్రామసభ తీర్మానం కూడా కావాలి.

గీత నడవడం

ఎక్కువమంది పని పాడుచేసేది ఇక్కడే. ఉన్న కాలిబాటనే కొలిచి, పొడవును వెడల్పుతో గుణించి, "హెక్టారులోపే" అని రాసేస్తారు. కాలిబాట మనిషి కాళ్ల కోసం పడింది, నిటారుగా ఎక్కేస్తుంది. అంబులెన్సు అలా ఎక్కలేదు.

లెక్క చూడండి. కాలిబాట 800 మీటర్లు, ఎత్తు తేడా 100 మీటర్లు అనుకుందాం. అంటే 8 మీటర్లకు ఒక మీటరు ఎక్కుడు. ఘాట్ రోడ్డుకు 20 మీటర్లకు ఒక మీటరు ఎక్కుడు ఉంటే హాయి. ఆ లెక్కన రోడ్డు 2,000 మీటర్లవుతుంది. 6 మీటర్ల వెడల్పుతో 12,000 చదరపు మీటర్లు. హెక్టారంటే 10,000 కాబట్టి దాటిపోయింది. 15 మీటర్లకు ఒక మీటరు ఎక్కనిస్తే రోడ్డు 1,500 మీటర్లు, భూమి 9,000 చదరపు మీటర్లు. సరిపోయిందని సంబరపడొద్దు. పక్క కాలువతో కలిపి వెడల్పు 7 మీటర్లయితే 10,500. ఒక్క కాలువ ఫైలును ముంచేస్తుంది. హెయిర్‌పిన్ మలుపుల దగ్గర ఇంకా వెడల్పు కావాలి. కొండను తొలిచే చోట గట్టు కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే తారు పడే వెడల్పును కాదు, తవ్వే వెడల్పును కొలవాలి. ఏఈని అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఎక్కుడు కొలవడానికి యంత్రాలు అక్కర్లేదు. పైపులో నీళ్లు నింపి కాస్త రంగు కలపండి. గాలి బుడగలు పూర్తిగా పోవాలి, ఒక్కటి మిగిలినా కొలత తప్పుతుంది. పై కర్ర దగ్గర నీటిమట్టం నేల నుంచి అర మీటరు ఎత్తున ఉండాలి. కింది కర్ర పట్టుకున్న మనిషి 15 మీటర్ల దూరంలో అటూ ఇటూ జరుగుతూ, తన దగ్గర మట్టం సరిగ్గా 1.5 మీటర్ల ఎత్తున వచ్చే చోట ఆగాలి. ఒక మీటరు దిగాం. అక్కడ సున్నం వేసి ముందుకు సాగండి. గూడెం నుంచి కిందికే రావాలి. కింద నుంచి మొదలుపెడితే చివరికి ఊరి మీదో ఊరి కిందో తేలతారు, మొత్తం మళ్లీ నడవాలి.

ఆఫీసులో కూర్చుని ఉపగ్రహ చిత్రం మీద గీత గీసేవాళ్లున్నారు. చెట్ల నీడ కింద ఉన్న బండ, వాగు కోసేసిన గట్టు ఆ చిత్రంలో కనపడవు. ఆ గీతను ఆరంభంగా తీసుకోవచ్చు, అంతే.

గెడ్డ (కొండవాగు) దాటే చోటు కూడా కాలిబాటను నమ్మి ఎంచుకోవద్దు. నడిచేవాళ్లు వెడల్పుగా, లోతు తక్కువున్న చోట దాటుతారు. కల్వర్టుకు ఇరుకుగా, రెండు గట్లూ గట్టిగా ఉన్న చోటు కావాలి. వరదనీళ్లు ఎక్కడిదాకా వచ్చేవో పెద్దల్ని అడిగి అక్కడ గుర్తు పెట్టండి.

ప్రతి 50 మీటర్లకు, ప్రతి మలుపు దగ్గర జీపీఎస్ పాయింటు తీసుకోండి. చెట్ల కింద ఫోను తడబడుతుంది. అంకెలు నిలకడగా వచ్చేదాకా ఆగి రాసుకోండి. తవ్వే వెడల్పులోని చెట్లన్నీ పేరు, చుట్టుకొలతతో సహా రాయండి. 0.9 హెక్టారుకు 67 చెట్లే పరిమితి. ఇప్ప, చింత, మద్ది అడ్డొస్తే రెండు మీటర్లు జరిపితే తప్పించొచ్చేమో చూడండి.

ఇంకొక మెలిక ఉంది. అటవీ హక్కుల పట్టా వచ్చిన పోడు భూమి రికార్డుల్లో ఇంకా అటవీ భూమే. రోడ్డు దాని మీదుగా వెళ్తే అది కూడా హెక్టారు లెక్కలో చేరుతుంది. పైగా ఆ రైతు ఒప్పుకోవాలి. రెవెన్యూ భూమి మాత్రం లెక్కలోకి రాదు. హెక్టారు దాటుతున్నప్పుడు గీతను అటు జరపగలిగితే అంతకంటే మంచి ఉపాయం లేదు. ఒకే రోడ్డును రెండు ముక్కలు చేసి రెండు ఫైళ్లు పెట్టడం ఉపాయం కాదు. రెండు చివర్ల జీపీఎస్ అంకెలు చూడగానే అతుకు దొరికిపోతుంది.

గ్రామసభ

సంత రోజున పెట్టొద్దు. విత్తనాల రోజుల్లో అసలే వద్దు. సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. సభ గూడెంలోనే జరగాలి. పంచాయతీ ఆఫీసులో సంతకాలు పెట్టించుకొచ్చిన కాగితం తర్వాత ఎవరు ప్రశ్నించినా నిలవదు.

తీర్మానంలో ఎక్కడి నుంచి ఎక్కడికి, పొడవు, తవ్వే వెడల్పు, విస్తీర్ణం, చెట్ల సంఖ్య, జీపీఎస్ పాయింట్లు, గెడ్డ దాటే చోటు ఉండాలి. గ్రామసభ పెట్టే షరతులూ అందులోనే రాయండి: మట్టి గెడ్డలో పోయకూడదు, శ్మశానం, దేవత తోపు ముట్టుకోకూడదు, ఫలానా చెట్లు కొట్టకూడదు. చివర "సిఫార్సు చేస్తున్నాం" అని రాయాలి. మనం చేస్తున్నది విజ్ఞప్తి కాదు, చట్టం అడిగిన సిఫార్సు. చదివి వినిపించాకే సంతకాలు. కొండభాష మాట్లాడేవాళ్లుంటే ఆ భాషలో చెప్పాకే.

ఫైలు

ఫారం-ఎ, అంటే అనుమతి దరఖాస్తు, నింపాల్సింది పని చేయించే శాఖ, ఊరు కాదు. తీర్మానం జతచేసి రేంజర్‌కు, నకలు డీఎఫ్ఓకు ఇవ్వాలి. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ 2009లో ఇచ్చిన విధానం ప్రకారం రేంజర్ మూడు వారాల్లో స్థలం చూసి తన అభిప్రాయం ఫారం-బిలో రాసి పంపాలి, డీఎఫ్ఓ నాలుగు వారాల్లో తేల్చాలి. డీఎఫ్ఓ ఒప్పుకోకపోతే కారణాలు రాసి కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి పంపాలి. నోటి మాటగా "కుదరదు" అంటే వెనక్కి రావొద్దు, రాసిచ్చిన కారణం అడగండి. రసీదు తేదీ నుంచి వారాలు లెక్కపెట్టుకోండి.

రేంజర్ వచ్చే రోజుకు సున్నం గుర్తులు చెరిగిపోయేలా ఉంటే ముందురోజే మళ్లీ వేయండి. అనుమతి వచ్చాక హద్దులు వేస్తున్నప్పుడు తీర్మానం నకలు చేతిలో పట్టుకుని కమిటీ వాళ్లు పక్కనే ఉండాలి. డోజరు డ్రైవరుకు తేలిగ్గా ఉందని మలుపు పది మీటర్లు జరిపేస్తే విస్తీర్ణం, చెట్ల లెక్క రెండూ మారిపోతాయి.