మెత్తని రన్నింగ్ షూ ఎవరి కాలికి ఎలా నప్పుతుంది

షాపులో కుషన్ షూ తొడుక్కుని నాలుగడుగులు వేస్తే ఎవరికైనా హాయిగానే ఉంటుంది. తేడా బయటపడేది రోడ్డు మీద ఆరేడు కిలోమీటర్లు దాటాక. మోడల్ అదే, సైజు అదే. అయినా 52 కిలోల మనిషికి దూది మీద దిగినట్టుంటే, 88 కిలోల మనిషికి మడమ కింద తారు గట్టిగా తగులుతుంటుంది. అందుకే "ఏ షూ మంచిది" అని అడిగేముందు మూడు సంగతులు తేల్చుకోవాలి: ఒంటి బరువెంత, పాదం ఏ భాగం ముందు నేలకు ఆనుతుంది, పరిగెత్తేది ఏ నేల మీద.

మందం వేరు, మెత్తదనం వేరు

పాదానికీ నేలకూ మధ్య ఉన్న మందాన్ని స్టాక్ అంటారు. మడమ కింద మందంలోంచి వేళ్ళ మొదళ్ళ కింద మందం తీసేస్తే వచ్చేది డ్రాప్. మడమ దగ్గర 38 మిల్లీమీటర్లు, ముందు 30 ఉంటే డ్రాప్ 8. ఈ రెండు అంకెలూ కంపెనీ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. అసలు కావలసిన మూడో సంగతి, ఫోమ్ ఎంత మెత్తన అన్నది, మామూలుగా అక్కడ ఉండదు. దాన్ని కాలితోనే తెలుసుకోవాలి.

లావుపాటి సోల్‌కు పేరుపడ్డ హోకా 2009లో ఫ్రాన్స్‌లోని ఆన్సీలో మొదలైంది. కొండ దిగేటప్పుడు కాళ్ళ మీద పడే దెబ్బను తగ్గించాలన్నది అప్పటి ఆలోచన. తర్వాత మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. ఇప్పుడు మామూలు ట్రైనింగ్ షూల్లోనే 40 మిల్లీమీటర్లు దాటినవి ఉన్నాయి. పోటీల్లో వాడే రోడ్డు షూలకు అంతర్జాతీయ అథ్లెటిక్స్ సంస్థ అయిన వరల్డ్ అథ్లెటిక్స్ పెట్టిన హద్దు 40 మిల్లీమీటర్లు.

ఫోముల్లో మూడు రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఈవీఏ తేలిక, చవక, కానీ వాడేకొద్దీ అణిగిపోతుంది. టీపీయూ బరువెక్కువ, అయితే ఎక్కువకాలం నిలుస్తుంది. పీబా చాలా తేలిక, బాగా ఎగదన్నుతుంది, ఖరీదూ ఎక్కువే. ఈవీఏకి ఎండ పడదు. వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుసుకుంటుంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం కారు డిక్కీలో షూ వదిలేస్తే ఫోమ్ త్వరగా పాడవుతుంది. జనవరిలో చికాగోలో అదే షూ మొదటి రెండు కిలోమీటర్లూ చెక్కలా అనిపిస్తుంది. చలిదేశాల్లో ఉన్నవాళ్ళు షూని గుమ్మం బయట కాకుండా ఇంట్లోనే ఉంచుకోవాలి.

బరువు ఏం మారుస్తుంది

లావుగా ఉన్నవాళ్ళకు మెత్తని షూ కావాలని, సన్నగా ఉన్నవాళ్ళు ఏది వేసుకున్నా ఫరవాలేదని చాలామంది అంటుంటారు. లక్సెంబర్గ్ పరిశోధకులు 848 మంది మామూలు రన్నర్లకు పైకి ఒకేలా కనిపించే రెండు రకాల షూలిచ్చి, ఆరు నెలలు గమనించి, 2020లో ఫలితాలు ప్రచురించారు. తేడా ఫోమ్ గట్టిదనంలోనే. గట్టి షూ వేసుకున్నవాళ్ళకు గాయాలు ఎక్కువయ్యాయి. అయితే మెత్తదనం వల్ల మేలు స్పష్టంగా కనిపించింది బరువు తక్కువ ఉన్నవాళ్ళకే.

మన అనుభవానికి అందే కారణం ఒకటుంది. బరువైన మనిషి కింద మెత్తని ఫోమ్ అడుగంటా నలిగిపోతుంది. పూర్తిగా నలిగిన ఫోమ్‌కు ఇక దెబ్బ తీసుకునే చోటుండదు. తేలికైన మనిషి కింద గట్టి ఫోమ్ అసలు కదలదు, మందం ఉన్నా లేనట్టే. అందుకని 80 కిలోలు దాటినవాళ్ళు మందంగా, కాస్త గట్టిగా, అడుగు వెడల్పుగా ఉన్నది చూసుకోవాలి. తేలికైనవాళ్ళు బొటనవేలితో నొక్కితే దిగే ఫోమ్ ఎంచుకోవచ్చు. వాళ్ళకు షూ బరువు కూడా లెక్కే. ఒక్కో షూకి వంద గ్రాములు పెరిగితే పరుగుకు ఖర్చయ్యే శక్తి దాదాపు ఒక శాతం పెరుగుతుంది.

వేగం పెరిగితే లెక్క మారుతుంది. ఫిన్లాండ్ పరిశోధకులు 2018లో లావు సోల్ షూనీ మామూలు షూనీ పోల్చి చూశారు. గంటకు 14.5 కిలోమీటర్ల వేగంలో, అంటే కిలోమీటరు నాలుగు నిమిషాల పైచిలుకులో, లావు సోల్‌తో నేల దెబ్బ దాదాపు పది శాతం ఎక్కువ నమోదైంది. గంటకు పది కిలోమీటర్ల దగ్గర ఆ తేడా తక్కువ. కింద మెత్తగా ఉందని ఒంటికి తెలియగానే కాలు తనంతట తానే బిగుసుకుంటుంది, మోకాలు తక్కువ వంగుతుంది. కాబట్టి నెమ్మది పరుగులకు, వారాంతపు లాంగ్ రన్‌కు కుషన్ షూ, ఇంటర్వెల్స్ (మధ్యమధ్య తెరిపి ఇస్తూ వేగంగా పరిగెత్తడం) రోజున కాస్త పల్చనిది వాడడం మంచిది. ఈ సంగతి చెవికే తెలుస్తుంది. నిశ్శబ్దంగా దిగే కాలు కొత్త షూలో టపటప చప్పుడు చేస్తుంటే మోకాలు బిగిసిందని అర్థం.

పాదం ఎక్కడ దిగుతుంది

ఫోన్‌ను నేల మీద చీలమండ ఎత్తులో పెట్టి, స్లో మోషన్‌లో పక్కనుంచి వీడియో తీయించండి. పాత షూ అడుగు కూడా చూడండి. మడమ వెలుపలి అంచు అరిగితే కంగారు పడొద్దు, మడమతో దిగే ఎవరికైనా అరిగేది అక్కడే. అది చూసి "మీకు పాదం లోపలికి వాలుతోంది" అని ఆ వాలును ఆపేదంటూ సపోర్ట్ షూ అంటగట్టే దుకాణాలున్నాయి, జాగ్రత్త.

మడమతో దిగేవాళ్ళకు 8 నుంచి 10 డ్రాప్ సాధారణంగా సౌకర్యంగా ఉంటుంది. పాదం ముందు భాగంతో దిగేవాళ్ళకు మడమ కింది ఫోమ్ ఎంతున్నా పెద్దగా ఉపయోగపడదు, వాళ్ళు ముందువైపు మందం చూడాలి. డ్రాప్ తగ్గితే భారం పిక్క మీదికీ మడమ వెనక ఉండే స్నాయువు (టెండన్) మీదికీ జరుగుతుంది, పెరిగితే మోకాలి మీదికి. పిక్కలు తరచు పట్టేసేవాళ్ళు 4 డ్రాప్ షూకి ఒక్కసారిగా మారితే రెండు వారాల్లో మంచం దిగగానే మడమ వెనక సలుపు మొదలవ్వొచ్చు.

చీలమండ ఇదివరకు బెణికినవాళ్ళు ఎత్తైన మెత్తని షూతో మరీ జాగ్రత్తగా ఉండాలి. హైదరాబాద్ కేబీఆర్ పార్కు మట్టిబాటలాంటి చోట చిన్న రాయి మీద అడుగు పడితే, మెత్తని సోల్ ఒకపక్క కుంగి పాదాన్ని పక్కకు తోసేస్తుంది. రోడ్డు అంచు వాలుగా ఉంటే ఎప్పుడూ ఒకేవైపు పరిగెత్తకండి.

షాపులో చేయాల్సిన పరీక్ష

పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి కాబట్టి సాయంత్రం వెళ్ళండి. మీరు పరిగెత్తేటప్పుడు వేసుకునే సాక్సే వేసుకోండి. రెండు కాళ్ళకూ తొడిగి నిలబడండి. పొడుగైన వేలి ముందు బొటనవేలి వెడల్పు, అంటే సుమారు ఒక సెంటీమీటరు, ఖాళీ ఉండాలి. బొటనవేలికన్నా రెండోవేలు పొడుగైతే రెండోదే కొలత. వేళ్ళు పక్కలకు ఒత్తుకుంటుంటే సైజు పెంచకండి, అదే మోడల్‌లో వెడల్పు రకం అడగండి. సైజు పెంచితే మడమ జారి బొబ్బలు వస్తాయి.

తర్వాత ఒంటికాలి మీద నిలబడి మోకాలు కొద్దిగా వంచండి. వెంట వచ్చినవాళ్ళను వెనకనుంచి ఫోన్‌లో వీడియో తీయమనండి. చీలమండ లోపలికో బయటికో వాలి, సోల్ ఆ పక్కన ముడతలు పడితే ఆ ఫోమ్ మీ బరువుకు మెత్తన ఎక్కువైంది. పదిసార్లు వంచి లేస్తే, మొదటిసారి నిలిచినది పదోసారి తూలుతుందా లేదా తేలిపోతుంది. ఆ తర్వాత ఐదు నిమిషాలు పరిగెత్తనిమ్మని అడగండి. ఒప్పుకోని దుకాణంలో తిరిగి తీసుకునే వెసులుబాటు ఉంటేనే కొనండి.

ఇంటికి తెచ్చాక

మొదటి వారం వారపు దూరంలో మూడోవంతే కొత్త షూలో, మిగతాది పాతదానిలో పరిగెత్తండి. మూడు, నాలుగు వారాల్లో పూర్తిగా మారొచ్చు. పాత జతను వెంటనే ఇచ్చేయకండి. లక్సెంబర్గ్‌లోనే 264 మంది మీద చేసిన మరో అధ్యయనంలో, ఒకటికి మించి షూలు మార్చి మార్చి వాడినవాళ్ళకు గాయాలయ్యే అవకాశం 39 శాతం తక్కువగా కనిపించింది.

మడమ లేస్తుంటే పైనున్న అదనపు రంధ్రం వాడండి. లేసును బయటినుంచి లోపలికి అదే వైపు చివరి రంధ్రంలో దూర్చి చిన్న ఉచ్చు వదలాలి. రెండోవైపూ అలాగే. ఆ తర్వాత ప్రతి కొసనూ ఎదుటివైపు ఉచ్చులోంచి లాగి, కిందికి, వెనక్కి బిగించి ముడేయాలి. పాదం పైన తిమ్మిరెక్కితే బిగుతు ఎక్కువైందని లెక్క.

ఎముక మీద వేలు పెడితే ఒకే చోట చురుక్కుమనే నొప్పి రెండు మూడు రోజులున్నా తగ్గకపోతే షూ మార్చి చూడడం ఆపి డాక్టరుకు చూపించండి. ముంగాలి ఎముక మీద అలాంటి నొప్పిని అసలు తేలిగ్గా తీసుకోకండి.

ఉతకడానికి వాషింగ్ మెషిన్ వద్దు. ఇన్‌సోల్ తీసి, బ్రష్‌తో చల్లని నీళ్ళలో రుద్ది, లోపల పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టండి.

సాధారణంగా ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. మనిషి బరువైతే, షూ ఈవీఏదైతే 500 దగ్గరే ఆగొచ్చు. దూరం గుర్తులేకపోతే షూని బల్లమీద పెట్టి వెనకనుంచి చూడండి. ఒకపక్కకు వాలిందంటే అణిగిపోయినట్టే. సోల్ పక్కన ముడతలు కాలు తీసినా పోకపోతే అదీ గుర్తే. పాతది ఒక కాలికి, అదే మోడల్ కొత్తది రెండో కాలికి వేసుకుని ఒక్కో కాలిమీద పది సెకన్లు నిలబడండి. పాత షూ వేసుకున్న కాలు ఒక పిసరు కిందికి దిగినట్టు, నేల కాస్త దగ్గరైనట్టు తెలిస్తే ఆ జతను ఇక నడకకే వాడండి.