గడియారంతో భిన్నాలు: పిల్లలు తడబడే చోట్లు, సరిదిద్దే దారులు

మహారాష్ట్రలో ధర్మాబాద్, బిలోలి, దేగ్లూర్ మొదలు సిరోంచ దాకా మన తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలది మరాఠీ బడి. ఇంట్లో "పావు తక్కువ ఐదు" అని వింటారు, బడిలో "పావుణే పాచ్" అని వింటారు. లెక్క ఒక్కటే, ఐదులోంచి పావు తీసెయ్యడం. పాఠం రాకముందే చెవిన పడిన భిన్నాలివి. అందుకే గడియారంతో మొదలుపెట్టమంటాను. అయితే కొన్ని తప్పులు దాదాపు ప్రతి ఇంట్లోనూ వస్తాయి.

"4:50 అంటే నాలుగున్నర" అంటే

వందలో యాభై సగం కదా అన్న లెక్కను గడియారంలోకి తెచ్చారన్నమాట. డబ్బులూ మార్కులూ వందతో నడుస్తాయి, గంట అరవైతో నడుస్తుంది. "సగమంటే ముప్పై" అని బట్టీ పట్టిస్తే ఈరోజుకు గడుస్తుంది, రేపు మళ్లీ అదే తప్పు. ఏ జవాబు చెప్పినా ముందు "దేంట్లో సగం?" అని అడగండి. వంద రూపాయల్లో పావు 25, కిలో మిర్చిలో పావు 250 గ్రాములు, గంటలో పావు 15 నిమిషాలు. మూడూ పక్కపక్కన రాయించండి.

పెద్ద ముల్లు 3 మీద ఉంటే "మూడో వంతు" అంటే

అన్నిటికన్నా మొండి తప్పు ఇదే. ముల్లు చూపించే అంకెనే హారం అనుకుంటారు. పైగా 3 దగ్గర ఉండేది పావు, మూడో వంతు ఉండేదేమో 4 దగ్గర. చిక్కంతా అక్కడే.

కాగితం ప్లేటు మీద గడియారం గీయించండి. నడిమధ్య నుంచి 12కీ 3కీ గీతలు గీసి ఆ ముక్క కత్తిరించండి. దాన్ని ఇంకో ప్లేటు మీద పెట్టి తిప్పుతూ గీస్తే సరిగ్గా నాలుగుసార్లు పడుతుంది, కాబట్టి 1/4. 12 నుంచి 4 దాకా కోసిన ముక్క మూడుసార్లే పడుతుంది, అది 1/3. ముక్క పెద్దదైతే సార్లు తగ్గుతాయని చేతులకు తెలిశాక, "మూడు కన్నా నాలుగు పెద్దది, కాబట్టి 1/4 పెద్దది" అన్న భ్రమ కూడా పోతుంది. ఆ తర్వాతే 3/12, 15/60 రాయించండి. ఈ పని కాకముందే కొట్టివేతలు నేర్పకండి.

4:30కి చిన్న ముల్లును సరిగ్గా 4 మీద గీస్తే

చిన్న ముల్లు గంటకోసారి గెంతుతుందని అనుకుంటున్నారు. చాలా అట్ట గడియారాల్లో రెండు ముళ్లూ దేనికది తిరుగుతాయి, ఈ తప్పును పెంచేవి అవే. ఇంట్లో పాత అలారం గడియారం ఉంటే వెనకాల టైం సరిచేసే బుడిపె పిల్లలనే తిప్పనివ్వండి. పెద్ద ముల్లు అరచుట్టు తిరిగేసరికి చిన్నది 4కీ 5కీ సరిగ్గా మధ్యకు వస్తుంది. తర్వాత చిన్న ముల్లు మాత్రమే గీసిన గడియారాలిచ్చి టైం చెప్పమనండి. 4 దాటి పావు దూరం వచ్చిందంటే నాలుగుంపావు. నా దృష్టిలో భిన్నం నిజంగా అర్థమయ్యేది ఇక్కడే. "పావు తక్కువ ఐదు"ను 5:45 అనే పిల్లలకూ ఇదే మందు, ముల్లు ఇంకా 5ను చేరలేదని కళ్లకు కనబడుతుంది.

1/2 + 1/4 = 2/6 అని రాస్తే

పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేశారు. తప్పు అనకుండా 2/6 గంట అంటే ఎన్ని నిమిషాలో అడగండి. ఇరవై. "అరగంట ఆడి ఇంకో పావుగంట ఆడితే ఇరవై నిమిషాలేనా?" అంటే వాళ్లే దిద్దుకుంటారు. 30, 15 కలిపితే 45, ముప్పావు గంట.

రెండు భాషల తికమక

"మూడింట ఒకటి" అన్నప్పుడు హారం ముందు వినబడుతుంది, మరాఠీలో "ఏక్ ఛేద్ తీన్" అన్నప్పుడు లవం ముందు. విన్న వరసలోనే రాస్తే 3/1 అవుతుంది. గీత గీసి ముందు కింద ముక్కలెన్నో, తర్వాత పైన తీసుకున్నవెన్నో రాయమనండి. రెండున్నరను మరాఠీలో "సాడే దోన్" అని పిల్లలు చెబితే టెన్షన్ పడకండి, సాడే తీన్ (మూడున్నర), సాడే చార్ (నాలుగున్నర) విన్న పిల్లలు అలా అనడం సహజం. ఒకటిన్నరకు దీడ్, రెండున్నరకు అడీచ్ అని విడిగా చెబితే చాలు.

60ని 2, 3, 4, 5, 6, 10, 12 శేషం లేకుండా భాగిస్తాయి, ఆ భిన్నాలకు గడియారం చక్కగా సరిపోతుంది. ఎనిమిదో వంతంటే ఏడున్నర నిమిషాలు, ఏడో వంతయితే నిమిషాల్లో తెగనే తెగదు. అక్కడ గడియారం పక్కనపెట్టి కాగితం పట్టీలు మడిచి చూపించండి.