వానలు తగ్గాక డ్రిప్పు: పిట్టగోడ మీది కుండీలకు నీళ్లు రాకపోతే

జూన్‌లో వానలు పట్టగానే మేడమీద కుండీలకు చుక్కచుక్కగా నీళ్లిచ్చే డ్రిప్పు వాల్వు కట్టేస్తాం. మళ్లీ కార్తీకంలో, చామంతి మొగ్గ తొడిగి, టమాటా, కాలీఫ్లవర్ నారు నాటాక తిప్పుతాం. బెజవాడలోనూ గుంటూరులోనూ పైపుల్లో నీళ్లు గడ్డకట్టేంత చలి ఉండదు. కాబట్టి చలికాలానికి మనం చేయాల్సిందల్లా ఈ నాలుగైదు నెలల్లో పైపుల్లో చేరినదాన్ని బయటికి పంపడం, టైమర్ సరిచేయడం.

డ్రిప్పు సరిగా రావడం లేదని ఎవరు పిలిచినా ముందు నేనడిగేది ఒకటే: ఎండ్ క్యాప్ (పైపు చివరి మూత) తీశారా? "ఫిల్టరు కడిగామండీ" అంటారు. ఫిల్టరు సరే, పైపు చివర సంగతేమిటి? ఫిల్టరు జాలీ దాటిన సన్నటి ఒండ్రు, పాచి అంతా లేటరల్ (కుండీల వెంట పోయే సన్న పైపు) చివరికే కొట్టుకుపోయి అక్కడ కూర్చుంటుంది. బెజవాడ పటమటలో ఒక ఇంట్లో ఎండ్ క్యాప్ లాగగానే టీ డికాక్షన్ రంగు నీళ్లు, వాటి వెనక గోరంత గోరంత పాచి పెళ్లలు వచ్చాయి. తేటనీళ్లు రావడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ ఇంటావిడ అప్పటికే పాతిక డ్రిప్పర్లు (కుండీలో నీళ్లు కార్చే చిన్న ముక్కలు) కొత్తవి కొని పెట్టుకున్నారు! ఒక్కో లైనుకు విడిగా క్యాప్ తీసి, వాల్వు పూర్తిగా తిప్పి, నీళ్లు తేటపడేదాకా వదలండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ముంచిన బెజవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లవాళ్లు ముందు సంపు అడుగు చూసుకోండి. అక్కడ ఒండ్రు మిగిలి ఉంటే పైన ఎంత కడిగినా వారంలో మళ్లీ మొదటికొస్తుంది.

అన్ని కుండీలకూ నీళ్లు సన్నగా వస్తుంటే

ఫిల్టరు, లేకపోతే సగమే తెరుచుకున్న వాల్వు. ఆ రెండూ బాగుంటే ఎత్తు చూడండి. నీళ్ల మట్టం డ్రిప్పరు కన్నా 10 మీటర్లు పైన ఉంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కేజీ ప్రెషరు. మేడమీద ట్యాంకు దిమ్మె రెండు మీటర్లే ఉంటే 0.2 కేజీ. ఆ కాస్త ప్రెషరుకు ప్రెషర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్లు (ప్రెషరు హెచ్చుతగ్గులైనా ఒకేలా కార్చేవి) సరిగా పనిచేయవు. మూత విప్పి కడుక్కునే మామూలువి పెట్టుకోండి.

కింది కుండీలకు వస్తూ, పిట్టగోడ మీది వాటికి రాకపోతే

నన్ను మూడేళ్లు తిప్పలుపెట్టింది ఇదే. పైనున్న చామంతులు వాడిపోతున్నాయి, కింద వంగ మొక్కలకు ధారగా వస్తోంది. ఎవరైనా ప్రెషరు చాలలేదనే అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ట్యాంకు కింద ఇటుకలు పేర్చాను, డ్రిప్పర్లు మార్చాను. మార్చిన రెండు వారాలకు మళ్లీ అవే కుండీలు, అదే వాడిపోవడం.

ఒకసారి డ్రిప్పరు లాగి చూస్తే ఉత్త ట్యూబులోంచి నీళ్లు చక్కగా కారాయి. అంటే ప్రెషరు ఉంది, మూసుకుపోయింది డ్రిప్పరే. మూత తిప్పి చూస్తే లోపల నల్లటి మన్ను, అందులో చిన్న కొబ్బరి పీచు. ట్యాంకులోకి కొబ్బరి పీచు ఎలా వస్తుంది? పీచు ఉన్నది కుండీలో. అంటే చెత్త బయటినుంచి లోపలికి పోతోంది.

జరిగేది ఇదీ. వాల్వు కట్టగానే పైపులో మిగిలిన నీళ్లు కింది డ్రిప్పర్ల గుండా కారిపోతాయి. అవి దిగుతుంటే ఖాళీ అయిన చోటికి గాలి రావాలి కదా, పైనున్న డ్రిప్పర్ల మూతిలోంచే లాక్కుంటుంది. ఆ మూతి తడిమన్నులో కూరుకుపోయి ఉంటే గాలితోపాటు మన్నూ లోపలికి పోతుంది. కార్తీకంలో మనం కుండీల పైన వర్మీ కంపోస్టు, కొబ్బరి పొట్టు పరుస్తాం, డ్రిప్పరు దాని కింద కప్పడిపోతుంది. పైగా చలికాలంలో పైమన్ను త్వరగా ఆరదు. అందుకే ఈ తంటా ఈ నెలల్లోనే ఎక్కువ.

మీ దగ్గర ఇదే జరుగుతోందో లేదో ఇలా తేల్చుకోండి. పై కుండీలో బాగా కారుతున్న డ్రిప్పరు మూతిని గరిటెడు నీళ్లలో ముంచి పట్టుకోండి, వాల్వు ఇంకొకరిని కట్టమనండి. గరిటెలో నీళ్లు తగ్గిపోతే ఇక అనుమానం అక్కర్లేదు.

రెండు పనులు చేయాలి. డ్రిప్పర్లన్నిటినీ పుల్లకు గుచ్చి మన్నుకు అంగుళం పైన నిలబెట్టండి, ఎరువు వేసిన ప్రతిసారీ పైకి లాగండి. రెండోది, గాలికి వేరే దారి ఇవ్వండి. ట్యాంకు నుంచి నేరుగా నీళ్లు వచ్చే ఇళ్లలో వాల్వు దాటాక ఒక టీ జాయింటు (మూడు మూతుల ముక్క) పెట్టి, అరంగుళం పైపును ట్యాంకు మూత కన్నా అడుగు ఎత్తుకు నిలబెట్టండి. పై మూతి కిందికి వంచి దోమతెర గుడ్డ కట్టండి. నీళ్లు ట్యాంకు మట్టం దాటి పైకి లేవవు కాబట్టి అందులోంచి కారవు, వాల్వు కట్టినప్పుడు గాలి మాత్రం అటునుంచే వస్తుంది. మోటారుతో తోడేవాళ్లకు ఇది పనికిరాదు. లైనులో అన్నిటికన్నా ఎత్తైన చోట ఎయిర్ వాల్వు (గాలిని లోపలికి రానిచ్చే వాల్వు) పెట్టించుకోండి. పొలాల డ్రిప్పు సామాను అమ్మే షాపులో అడగండి.

డ్రిప్పరులో మన్ను కాక తెల్లటి గట్టి పొర కనిపిస్తే అది బోరు నీళ్ల సున్నం. లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు స్పూన్ల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి రాత్రంతా నానబెట్టి కడగండి. పిన్నీసుతో మాత్రం పొడవకండి, రంధ్రం పెద్దదై ఆ కుండీకి ఎప్పటికీ ఎక్కువ నీళ్లు పోతాయి. పచ్చటి జారుడు పాచి అయితే ఎండ తగిలే తెల్ల ట్యూబు తీసి నల్లది వేయండి.

అన్నీ బాగా కారుతున్నా ఆకులు పసుపెక్కితే

మే నెల టైమింగు మార్చలేదన్నమాట. రోజుకు రెండుసార్లు పెట్టింది ఒకసారికి తగ్గించండి, అదీ పొద్దున్నే. వేలు రెండు అంగుళాలు గుచ్చండి, తడి తగిలితే ఆ రోజు మానేయండి. ఆకు వాలింది కదా అని ఇంకా నీళ్లు పెట్టి వేరు కుళ్లబెట్టుకున్నవాళ్లను ఎంతమందిని చూశానో.

టైమర్ బ్యాటరీ అయిపోవడం, ఉడుత ట్యూబు కొరకడం ఎప్పుడో గానీ జరగవు. బ్యాటరీ మార్చండి, కొరికిన చోట కోసి జాయినర్ పెట్టండి.