ముందు రాతలు, ఆ తర్వాతే లినక్స్

సోంపేటలో మా పెద్దనాన్న కంప్యూటర్ 2014లో కొన్నది. నాలుగో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాతకాలపు హార్డ్ డిస్క్. తెలుగు మాస్టారుగా రిటైరైన నాటి నుంచి ఆయన దాని ముందు కూర్చుని ఉద్దానం ఊళ్ల మాటలు పోగు చేస్తున్నారు. బుగత, గుంటడు, అప్ప... ఇలా ఒక్కొక్క మాటకూ అర్థం, వాడే సందర్భం, చెప్పిన మనిషిది ఏ ఊరో కూడా రాసుకుంటారు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరైతే కనీసం ఎనిమిదో తరానిదై ఉండాలి. ఇంట్లోవాళ్లు కొత్తది కొనేయమన్నారు. పెద్దనాన్న నాకు ఫోన్ చేసి, "పనిచేస్తున్నదాన్ని పారేయడమెందుకమ్మా?" అని అడిగారు. నేను విజయనగరంలో పాలిటెక్నిక్ పిల్లలకు కంప్యూటర్లు చెబుతాను. ఆ ప్రశ్న నాకు న్యాయంగానే తోచింది. విండోస్‌కు బదులుగా ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే వ్యవస్థకి మారుద్దామని చెప్పాను. మార్చాక ఐదు నెలలైంది, ఆయన రోజూ రాసుకుంటున్నారు.

ఈ పనిని చాలామంది లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో మొదలుపెడతారు. నా దృష్టిలో అది చివర్లో రావాల్సిన వస్తువు. పెద్దవాళ్లకు కంప్యూటర్ అంటే వాళ్ల రాతలు, వాళ్ల ఫోటోలు, వేళ్లకు అలవాటైన మీటలు. ఇవి క్షేమంగా అవతలి ఒడ్డుకు చేరితే అడుగున ఏ వ్యవస్థ ఉన్నా వాళ్లకు పట్టదు. చేరకపోతే ఎంత మంచి లినక్స్ పెట్టినా వాళ్లకు అది పరాయి ఇల్లే.

మొదట రెండు రోజులు పక్కన కూర్చుని చూడండి. "ఏమేం వాడతారు?" అని అడిగితే సరైన జవాబు రాదు. పెద్దనాన్న నాతో "ఏముందమ్మా, రాసుకోవడమే" అన్నారు. పక్కన కూర్చున్నాక నా నోటు పుస్తకంలో ఒక పేజీ నిండింది. అను అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేయడం, రోజూ ఉదయం పత్రికల ఈ-పేపర్లు చదవడం, యూట్యూబ్‌లో ప్రవచనాలు వినడం, మనవరాలి ఫోటోలు ఫోన్ నుంచి దింపుకోవడం, వాట్సాప్‌ని పెద్ద తెరమీద చూసుకోవడం, నెలకోసారి నాలుగు కాగితాలు ముద్రించుకోవడం. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆయన ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి. డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఖాళీ. అది చూడకుండా డాక్యుమెంట్స్ ఒక్కటే కాపీ చేసుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఈ జాబితా చూశాకే మార్చాలా వద్దా అన్నది తేల్చండి. మా వదిన రాజాంలో నాలుగు దుకాణాల లెక్కలు ట్యాలీలో రాస్తుంది, రిటర్నులకు డిజిటల్ సంతకం టోకెన్ వాడుతుంది. ట్యాలీ విండోస్ కోసం తయారైన ప్రోగ్రామ్. ఆమె కంప్యూటర్ జోలికి నేను వెళ్లలేదు, వెళ్లను. పేజ్‌మేకర్‌లో రోజూ పుస్తకాలు కూర్చేవారికైనా ఇదే మాట చెబుతాను. బతుకుతెరువు ఒక ప్రోగ్రామ్ మీద నిలిచి ఉన్నప్పుడు దాన్ని కదిలించకూడదు.

ఇక అసలైన శ్రమ అను ఫాంట్లది. తెలుగువాళ్ల ఇళ్లలో ఈ మార్పు ఎక్కడైనా చిక్కుపడితే ఇక్కడే పడుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలున్నాయి. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. పాత అను ఫాంట్లు ఆ దారిన నడిచినవి కావు. ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ ఉన్న గదుల్లో తెలుగు బొమ్మలు పెట్టాయి. ఫైలులో ఉన్నది తెలుగని కంప్యూటర్‌కు తెలియదు, ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగులా కనబడుతుంది. పెద్దనాన్న ఫైలొకటి నా లినక్స్ లాప్‌టాప్‌లో తెరిచి చూపించాను. "బుగత" ఉండాల్సిన చోట నెత్తిన చుక్కలు, గీతలు ఉన్న విదేశీ అక్షరాలు బారులు తీరాయి. ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. ఏమీ మాట్లాడలేదు. పదేళ్ల పని అలా కనబడితే ఎవరికైనా నోట మాట రాదు. అందుకే ఈ పని విండోస్ ఇంకా ఉండగానే చేయాలి.

నేను పాటించిన పద్ధతి ఇది. ముందుగా ప్రతి ఫైలునూ విండోస్‌లోనే పీడీఎఫ్‌గా ముద్రించాం. విండోస్ 10లో పీడీఎఫ్‌కి ముద్రించే వసతి దానితోనే వస్తుంది. పీడీఎఫ్‌లో అక్షరాల రూపం కూడా లోపలే ఉంటుంది గనుక అది ఎక్కడ తెరిచినా పాత పేజీ పాత పేజీలాగే కనబడుతుంది. రేపు ఏ అనుమానం వచ్చినా సాక్ష్యం అదే. ఆ తర్వాత అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో ఒక్కొక్క ఫైలూ వేశాం. ఏ అను కూర్పులో టైపు చేశారో ముందు తెలుసుకుని దానికి సరిపడే కన్వర్టర్‌నే వాడండి. వేరేది వాడితే సగం అక్షరాలు తారుమారవుతాయి.

మార్చిన ఫైలును నమ్మేయకండి. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి వంటి మూడు హల్లుల సంయుక్తాక్షరాలు, జ్ఞ, ఋ, అరసున్న, ఘ, ఝ... ఇవి ఉన్న మాటలు ఏరి పీడీఎఫ్‌తో పోల్చి చూడాలి. మాకు పెద్ద దెబ్బ మరో వైపు నుంచి తగిలింది. పెద్దనాన్న చెట్ల పేర్ల పక్కన శాస్త్రీయ నామాలు ఇంగ్లిషులో రాసుకున్నారు. కన్వర్టర్ వాటినీ అను అక్షరాలే అనుకుని అర్థంలేని తెలుగుగా మార్చేసింది. పీడీఎఫ్‌లు పక్కన పెట్టుకుని వాటన్నిటినీ చేత్తో దిద్దాం. దీనికే నావి మూడు ఆదివారాలు పట్టాయి, ఆయనకు మరో రెండు వారాలు. ఆ శ్రమకు ఫలితం వెంటనే కనబడింది. వెతుకు పెట్టెలో "బుగత" అని కొడితే ఆ మాట ఉన్న చోటల్లా వరసగా వెలిగింది. పాత ఫైళ్లలో ఆయన ఏనాడూ తెలుగు టైపు చేసి తెలుగు వెతకలేకపోయారు.

ఈలోగా ప్రోగ్రామ్‌లను విండోస్ మీదే మార్చేయండి. రాతకు లిబ్రేఆఫీస్, ఇంటర్నెట్‌కు ఫైర్‌ఫాక్స్, వీడియోలకు వీఎల్‌సీ, ఈ మూడూ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఒకేలా ఉంటాయి. నెల రోజులు వాటితోనే పని చేయనిచ్చాను. దానివల్ల లినక్స్ వచ్చిన రోజున ఆయనకు కొత్తగా కనబడింది మెనూ ఒక్కటే. రెండూ ఒకేసారి మార్చి, ఆపై పెద్దవాళ్లు నేర్చుకోవడం లేదని విసుక్కోవడం తప్పు.

బ్యాకప్ గురించి సోంపేటవాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పెద్దనాన్న సీపీయూను టార్పాలిన్‌లో చుట్టి అటక ఎక్కించారు. కొబ్బరి తోట సగం నేలకొరిగింది, కరెంటు రావడానికి రోజులు పట్టింది. ఆ పెట్టె తడిసి ఉంటే రెండో కాపీ ఎక్కడా లేదు. ఇప్పుడు ఒక కాపీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో సోంపేటలో ఉంది, ఒకటి విజయనగరంలో నా దగ్గర ఉంది. కాపీ చేశాక మరో కంప్యూటర్‌లో నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని కాపీని కాపీ అనుకోవద్దు.

విండోస్, లినక్స్ రెండూ ఒకే డిస్కులో పెట్టి, మొదలయ్యేటప్పుడు ఏది కావాలో ఎంచుకోమనే ఏర్పాటు నాకు ఇష్టం లేదు. రోజూ ఉదయం ఆ ప్రశ్న ఎదురైతే మనిషి పాతదాన్నే ఎంచుకుంటాడు. అంతకన్నా మేలైన దారి ఉంది. 240 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి కొని పాత హార్డ్ డిస్క్ స్థానంలో బిగించాను. పాత డిస్కును చెరపకుండా, తేదీ రాసిన చీటీ అంటించి బీరువాలో పెట్టాం. ఏది నచ్చకపోయినా రెండు వైర్లు మార్చితే పాత విండోస్ ఉన్నది ఉన్నట్టే వస్తుంది. ఆ మాట విన్నాకే పెద్దమ్మ ముఖంలో ఆందోళన పోయింది. డిస్కు తీసేముందు షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని విండోస్‌ను షట్‌డౌన్ చేయండి. లేకపోతే విండోస్ సగం నిద్రలో ఉండిపోతుంది, తర్వాత లినక్స్ నుంచి ఆ డిస్కును చదవడమే తప్ప రాయడం కుదరదు.

పెన్‌డ్రైవ్ వంతు ఇప్పుడు వచ్చింది. 4 జీబీ ర్యామ్ కాబట్టి లినక్స్ మింట్ 22 వరుసలో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకాన్ని ఎంచుకున్నాను. ఈ వరుసకు 2029 దాకా నవీకరణలు వస్తాయి. దాదాపు 3 జీబీ ఫైలును విజయనగరంలోనే దింపుకుని, ఫైలు చెడకుండా వచ్చిందో లేదో తేల్చడానికి మింట్ సైటులో ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్యతో సరిచూసి, రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. కంప్యూటర్ ఆన్ చేయగానే, మదర్‌బోర్డును బట్టి ఎఫ్12, ఎఫ్11, ఎఫ్8లలో ఒకటి నొక్కితే ఎక్కడి నుంచి మొదలవ్వాలో అడుగుతుంది. ముందు ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ మీదే ఒక గంట నడిపి చూడండి. శబ్దం వస్తోందా, వైఫై దొరికిందా, ప్రింటర్ పలికిందా? అన్నీ సరే అనుకున్నాకే ఇన్‌స్టాల్ చేయండి. అది అరగంట పని.

ఆయన వేళ్లకు అను కీబోర్డులోని ఆపిల్ అమరిక అలవాటు. దాన్ని వదులుకోమనడానికి నాకు మనసొప్పలేదు. మింట్ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో తెలుగు వంటి భాషల్లో టైపు చేయడానికి ఐబస్, ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీలు దొరుకుతాయి. అవి వేసి, ఇన్‌పుట్ మెథడ్‌గా ఐబస్‌ను ఎంచుకుని, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రండి. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఆపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్ వంటి అమరికలు ఉంటాయి. ఆపిల్‌ను చేర్చాను. విండోస్ గుర్తు ఉన్న మీటను స్పేస్‌బార్‌తో కలిపి నొక్కితే ఇంగ్లిషుకూ తెలుగుకూ మారుతుంది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, తెర వైపు చూడకుండా, అలవాటైన వేగంతో ఒక వాక్యం కొట్టి తలెత్తారు. ఎక్కువ అక్షరాలు అనుకున్న చోటే ఉన్నాయి. తేడా వచ్చిన మీటలను ఆయనే పెన్సిల్‌తో ఒక అట్ట మీద రాసుకుని మానిటర్ కింద ఆనించారు.

లిబ్రేఆఫీస్ తెలుగు ఫాంటును ఇంగ్లిషు ఫాంటుతో కలిపి చూడదు. ఆప్షన్స్‌లో భాషల దగ్గర సీటీఎల్ (తెలుగు వంటి లిపులకు దాని పేరు) అనే గడికి టిక్కు పెట్టి తెలుగును ఎంచుకోవాలి, ఆ తర్వాత బేసిక్ ఫాంట్స్‌లో సీటీఎల్ వరుసలో ఫాంటు పెట్టాలి. ఇది చేయకపోతే ఎన్నిసార్లు ఫాంటు మార్చినా తెలుగు అక్షరం మారదు, అక్కడే చాలామంది విసిగిపోతారు. విండోస్‌లో ఉండే గౌతమి ఇక్కడ ఉండదు. గూగుల్ ఫాంట్స్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో దొరికే మండలిని రాతకు పెట్టాం. శీర్షికలకు గిడుగు, గురజాడ అనే ఫాంట్లు కూడా అక్కడే ఉన్నాయి. ఆ పేర్లు చదవగానే పెద్దనాన్న, "ఇద్దరూ మనవాళ్లే" అన్నారు. గిడుగు రామమూర్తి పుట్టిన పర్వతాలపేట మా శ్రీకాకుళం జిల్లాదే, గురజాడ ఇల్లు నేను రోజూ తిరిగే విజయనగరంలో ఉంది.

ప్రింటర్ సంగతి క్లుప్తంగా చెబుతాను. హెచ్‌పీవి చాలా వరకు హెచ్‌పీలిప్ అనే డ్రైవర్‌తో పనిచేస్తాయి, వైఫై ఉన్న కొత్తవి డ్రైవర్ లేకుండానే పలుకుతాయి. పాత చిన్న లేజర్ ప్రింటర్లు కొన్ని మొండికేస్తాయి. మోడల్ పేరుతో ముందే వెతికి చూసుకోండి.

లిబ్రేఆఫీస్‌లో దానంతటదే భద్రపరచుకునే వ్యవధిని 3 నిమిషాలకు తగ్గించాను, కరెంటు పోయినా పెద్ద నష్టం ఉండదు. టైమ్‌షిఫ్ట్‌ను వారానికోసారి వ్యవస్థ నకలు తీసేలా పెట్టాను. అది ఆయన రాతల బ్యాకప్ కాదు, లినక్స్ చెడితే వెనక్కి తేవడానికి మాత్రమే. రెండింటినీ ఒకటనుకోవద్దు. మింట్‌లో వెబ్ యాప్స్ అనే పరికరంతో వాట్సాప్‌కూ, ఆయన చదివే పత్రికకూ మెనూలో విడి గుర్తులు చేశాను.

నేర్పేటప్పుడు ఆయన చేతిలోని మౌస్ తీసుకోకండి. మనకు రెండు క్షణాల పని వాళ్లకు రెండు నిమిషాలు పట్టవచ్చు. ఆ రెండు నిమిషాలూ ఓపిక పట్టడమే మన వంతు. దూరం నుంచి సాయం చేయడానికి రస్ట్‌డెస్క్ పెట్టాను. దానితో పాటు ఒక కట్టడి కూడా చెప్పాను. నేను ముందు ఫోన్ చేసి, నా గొంతు విన్నాకే దాన్ని తెరవాలి. బ్యాంకు నుంచనో, పెన్షన్ ఆఫీసు నుంచనో ఎవరు తెరవమన్నా ఫోన్ పెట్టేయాలి. పాస్‌వర్డ్ ఆయన డైరీ మొదటి పేజీలో, ఆయన దస్తూరీలోనే ఉంది.

పోయిన వారం ఫోన్ చేసి, "అమ్మా, కొన్ని మాటలు ఒడియాలోనూ ఉన్నాయి. వాటి పక్కన ఒడియా అక్షరాలు వేయాలంటే ఎలా?" అని అడిగారు. ఐబస్ ప్రిఫరెన్సెస్ తెరిచి, తెలుగు చేర్చినట్టే ఒడియా కింద ఇన్‌స్క్రిప్ట్‌ను చేర్చమన్నాను. రస్ట్‌డెస్క్ తెరవనా అని అడిగాను. వద్దన్నారు. ఫోన్ పక్కన పెట్టి మౌస్ నొక్కుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి, "వచ్చిందమ్మా" అన్నారు.