ఇంటి చుట్టూ వాటంతటవే మొలిచే మొక్కలతో తోట పెంచడం ఎలా?

తొలకరి పడిన కొన్నాళ్లకే మన నగరాల్లో ఒక పని మొదలవుతుంది. కాంపౌండ్ గోడ వెంట మొలిచిన పచ్చదనాన్నంతా పిచ్చి మొక్కలని పీకించేస్తాం. ఆ జాగాలో సిమెంటు పోయిస్తాం, లేదంటే నర్సరీ నుంచి క్రోటన్లు తెచ్చి పెడతాం. అలా పీకేసిన వాటిలో వినాయక చవితి పత్రిలో ఉండే గరిక, ఉత్తరేణి ఉంటాయి. బతుకమ్మలో పేర్చే గునుగు ఉంటుంది. పండగ వచ్చేసరికి వాటినే బజారులో డబ్బులిచ్చి కొంటాం.

హైదరాబాద్‌లాంటి ఊళ్లో ఇంటి ముందు నాలుగడుగుల మట్టి ఉన్నా వీటికి చోటివ్వొచ్చు. తోటంతా అడవిలా వదిలేయమని చెప్పడం లేదు. పీకే ముందు అదేమిటో తెలుసుకోండి, అంతే.

1. ఒక మూల ఎంచుకుని వదిలేయండి

ఎండ తగిలే, మనుషులు తొక్కని మూల అయితే మంచిది. జూన్‌లో మొదటి వానలు పడ్డాక అక్కడ ఏమీ నాటకండి, తవ్వకండి. మట్టిలో ఎప్పటి నుంచో పడి ఉన్న విత్తనాలు వాటంతటవే లేస్తాయి. మట్టి లేని ఫ్లాట్ అయితే ఒక వెడల్పాటి కుండీలో మామూలు మట్టి నింపి బాల్కనీలో పెట్టండి. గాలికి, పిట్టల వల్ల అందులోనూ ఏదో ఒకటి మొలుస్తుంది.

2. పేర్లు తెలుసుకోండి

లేత మొక్కను చూసి పోల్చుకోవడం కష్టం. పువ్వు వచ్చేదాకా ఆగండి. పొడవాటి కాడ చివర పసుపు మధ్య, చుట్టూ తెల్లటి రేకలతో చిన్న పువ్వు పూస్తే అది గడ్డి చేమంతి. ఇది అమెరికా ఖండం నుంచి వచ్చిందే అయినా, దాదాపు ఏడాదంతా పూస్తుంది కాబట్టి తేనెటీగలకు, చిన్న సీతాకోకచిలుకలకు పెద్ద ఆసరా. ఆకుల కింద వరుసగా ఆవగింజలంత పచ్చటి కాయలుంటే నేల ఉసిరి. కణుపు కణుపుకీ గుత్తిగా తెల్లటి పూలుంటే తుమ్మి. తెలంగాణలో చాలా ఇళ్లలో వినాయక చవితికి తుమ్మి కూర వండుతారు. బట్టలకు అంటుకునే గింజలున్న పొడవాటి వెన్ను కనిపిస్తే అది ఉత్తరేణి.

ఫోన్‌లో మొక్కల్ని గుర్తుపట్టే యాప్‌లు ఉన్నాయి, వాడండి. కానీ పల్లెలో పుట్టి పెరిగిన పెద్దవాళ్లు ఇంట్లోనో, పక్కింట్లోనో ఉంటే ముందు వాళ్లను అడగండి. "అవ్వా, ఇదేం ఆకు?" అంటే చాలు. పేరు చెప్పి, కూర వండే పద్ధతి కూడా చెబుతారు.

ఒక జాగ్రత్త. మురికికాలువ పక్కన, రోడ్డు పక్కన మొలిచిన ఆకుకూర తినకండి. ఉమ్మెత్త విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. యాప్ ఒక్కటే చెప్పిందని ఏ ఆకూ నోట్లో పెట్టుకోవద్దు.

3. తీయాల్సినవి వెంటనే తీయండి

వయ్యారిభామ విషయంలో జాలి పడొద్దు. కాంగ్రెస్ గడ్డి అన్నా ఇదే. ఆకులు క్యారెట్ ఆకుల్లా ఉంటాయి, పూలు చిన్నగా తెల్లగా ఉంటాయి. దీని పుప్పొడితో ఆయాసం, ఆకు తగిలితే చర్మం మీద దద్దుర్లు వస్తాయి. ఒక్క మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది, మిగతా వాటిని ఎదగనివ్వదు. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే, గ్లవ్స్ వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని వేళ్లతో సహా లాగండి. పూత వచ్చాక లాగితే కంపోస్టులో వేయకండి.

గోడ పగుళ్లలో లేచే రావి, మర్రి మొలకలను కూడా చిన్నప్పుడే తీయాలి. పిట్టలు పండు తిని వదిలిన గింజలవి. ఆలస్యం చేస్తే గోడ చీలుతుంది. వేరు తెగకుండా వస్తే కుండీలో పెంచి, చెరువు గట్టునో గుడి ఆవరణలోనో అనుమతి అడిగి నాటండి.

4. పురుగును చూసి మందు కొట్టకండి

అందరూ ఆగిపోయేది ఇక్కడే. కరివేపాకు మీద పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగు కొద్దిరోజులకు ఆకుపచ్చగా మారుతుంది, ఆ తర్వాత సీతాకోకచిలుక అవుతుంది. నిమ్మ మీద కూడా ఇవే ఉంటాయి. జిల్లేడు ఆకు మీద నలుపు, తెలుపు, పసుపు చారలతో ఉండే పురుగు నారింజ రంగు సీతాకోకచిలుకగా మారుతుంది. జిల్లేడు పాలలోని చేదు విషం దాని ఒంట్లో చేరడం వల్ల పిట్టలు దాని జోలికి పోవు. జిల్లేడంతా నరికేస్తే ఆ సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టే చోటే తగ్గిపోతుంది. నాలుగు రెమ్మల కరివేపాకు పోతే పోనివ్వండి, చెట్టు మళ్లీ చిగురిస్తుంది. చిగుళ్ల రసం పీల్చే సన్నటి పురుగులు, అంటే పేనుబంక, ఎక్కువైతే నీళ్లు గట్టిగా కొట్టి కడిగేయండి.

5. నేల, నీళ్లు

రాలిన ఆకుల్ని కాల్చకుండా మొక్కల మొదట్లో పరవండి. ఒక జానెడు నేల మాత్రం ఏమీ కప్పకుండా ఉంచండి, కొన్ని రకాల తేనెటీగలు మట్టిలోనే బొరియ చేసుకుంటాయి. పిట్టలకు పెట్టిన పళ్లెంలో రోజూ నీళ్లు మార్చాలి, లేకపోతే దోమలు పెరుగుతాయి.

6. పక్కవాళ్లతో మాట్లాడండి

పాములొస్తాయని, దోమలొస్తాయని అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో టెన్షన్ పడేవాళ్లుంటారు. ఆ భయం తీసిపారేసేది కాదు. చెత్త, ఎలుకలు, ఇటుకల గుట్టలు లేకుండా చూసుకోండి. నడిచే దారి పక్కన మొక్కల్ని పొట్టిగా కత్తిరించి, చుట్టూ రాళ్లు వరుసగా పేర్చండి. ఇది కావాలని పెంచుతున్నదని చూడగానే తెలియాలి. మొక్కల పేర్లు రాసి చిన్న బోర్డు పెడితే పిల్లలు తప్పకుండా చదువుతారు, గడ్డి కోసే మనిషి కూడా అడిగి మరీ కోస్తాడు.

7. విత్తనాలు దాచండి

బతుకమ్మ పండగ అయ్యాక గునుగు వెన్నులు ఎండుతాయి. దులిపితే నల్లగా మెరిసే సన్నటి గింజలు రాలుతాయి. వాటిని కాగితం పొట్లంలో కట్టి, పేరు, నెల రాసి పెట్టుకోండి. తుమ్మికీ అంతే. తంగేడు పొద కాబట్టి కాస్త ఎక్కువ చోటు కావాలి, దాని గింజ తొక్క గట్టిది. వచ్చే జూన్‌లో తంగేడు గింజల్ని గరుకు కాగితం మీద కొద్దిగా రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టి విత్తండి. గునుగు, తుమ్మి గింజలను మట్టి మీద చల్లి పైపైన కదిపితే చాలు.